సోములమ్మ వేలిముద్ర

కిందటి వారం హెడ్ కానిస్టేబుల్ తాతారావును వరహాలరావు ఇంటి వసారాలో, చేతిలో కరెంటు బిల్లుతో కూర్చోబెట్టి వచ్చేశాం. వరహాలరావు కూతురు భవాని జర్మనీలో నర్సు ఉద్యోగానికి ఎంపికైంది. నెలాఖరులోగా పాస్‌పోర్టు నంబరు పంపకపోతే ఆ చోటు ఇంకొకరికి వెళ్ళిపోతుంది. విశాఖ వెళ్ళి దరఖాస్తు ఇవ్వడం, ఫోటో దిగడం అన్నీ అయ్యాయి. మిగిలింది పోలీసు విచారణ ఒక్కటే. ఆ పని మీదే బుధవారం మధ్యాహ్నం కరకపుట్టు వచ్చిన తాతారావు, బ్యాంకు పుస్తకంలో ఉన్న డోరు నంబరుని కరెంటు బిల్లులో నంబరుతో సరిచూసుకుంటూ, బిల్లు మీద ఉన్న పేరు దగ్గర ఆగిపోయాడు.

"కొర్రా సోములమ్మ ఎవరండీ?" అని అడిగాడు.

భవానికి నిజంగానే తెలియదు. తను పుట్టినప్పటి నుంచీ ఆ బిల్లు నెలనెలా వస్తూనే ఉంది. ఎంతొచ్చిందని చూసి గోడ మేకుకి గుచ్చడమే తప్ప, ఎవరి పేరున వచ్చిందని చూసినవాళ్ళు లేరు.

వరహాలరావు షావుకారు. మాడుగుల వైపు నుంచి కొండెక్కి వచ్చి, ముంచింగిపుట్టు సంతలో గొడుగు కింద ఉప్పూ ఎండుచేపలూ అమ్మి, తరవాత కరకపుట్టులో కొట్టు పెట్టి, దాని వెనక ఇల్లు కట్టి, ఇంటి మీద మేడ లేపిన మనిషి. యూనిఫారం ముందు తడబడితే ఇన్నేళ్ళు ఇక్కడ నెట్టుకొచ్చేవాడు కాదు.

"ఇంటి ఓనరండి," అన్నాడు తొణక్కుండా. "కొండమీద ఉంటాది. మేం అద్దెకున్నాం."

వంటింటి గుమ్మంలో నిలబడ్డ అన్నపూర్ణ చేతిలో ఉన్న పళ్ళెం వైపు చూసుకుంది.

"అలాగా! మీ సొంతిల్లే అనుకున్నాను సుమండీ. మేడ కూడా వేశారు కదా," అన్నాడు తాతారావు. అందులో వెటకారం ఉందో లేదో అతని మొహం చూసి చెప్పడం కష్టం. "ఇబ్బందేం లేదు. ఆవిడ దగ్గర ఒక కాగితం తీసుకోండి. ఈ అమ్మాయి ఫలానా ఇంట్లో ఇన్నేళ్ళుగా ఉంటోందీ అని. శనివారం సంతలో నాకు డ్యూటీ. ఆ లోపు ఇచ్చేస్తే నేను రిపోర్టు పంపించేస్తాను."

టీ తాగి, అమ్మాయికి శుభం చెప్పి వెళ్ళిపోయాడు. బండి మలుపు తిరిగిన చప్పుడు సద్దుమణిగేదాకా ఇంట్లో ఎవరూ కదల్లేదు.

"మనం అద్దెకున్నామా నాన్నా?"

"ఏదో నోటికొచ్చింది, అనీసేను. వదిలీ."

"మరి ఓనరెవరు?"

"మనమే."

"మరి సోములమ్మ?"

వరహాలరావు తువ్వాలు దులిపి భుజాన వేసుకుని కొట్టువైపు నడవబోయాడు. అంతలోనే అన్నపూర్ణ కొట్టుకీ ఇంటికీ మధ్య ఉన్న తలుపు గొళ్ళెం పెట్టి, దానికి వీపు ఆనించి నిలబడింది.

"సెప్పీయండి," అంది. "తెలీకపోతే అది రేపు ఆ పోలీసాయన దగ్గర ఇంకోటేదో అనీగలదు."

వరహాలరావు కుర్చీలో కూలబడ్డాడు. చెప్పడం మొదలుపెట్టాక మాత్రం కొట్లో సరుకు గుణాలు చెప్పినట్టే చెప్పాడు. ఏజెన్సీలో మనలా కింద మైదానం నుంచి వచ్చినవాళ్ళు సెంటు జాగా కొనకూడదు. వన్ ఆఫ్ సెవెంటీ అని చట్టం ఉంది. గిరిజనుల భూమి గిరిజనులకే. మరి మనం ఎక్కడుండాలి, చెట్టు మీదా? అందుకని సోములమ్మ పేరున కొన్నాను. ఖర్చు మనది, పేరు దానిది.

"ఈ బజార్లో సగం కొట్లు ఇంతే. ఆ రవిబాబు మందుల షాపు ఎవరి పేరున ఉందో కనుక్కో పోనీ."

"ఆవిడ ఒప్పుకుందా?"

"ఒప్పుకోకేటి! అప్పట్లో మన కొట్లోనే పనిచేసేది. పిప్పళ్ళు చెరిగేది, అల్లం తూసేది. నమ్మకమైన మనిషి. చీర పెట్టాను."

"ఇంటికి చీరా?"

"అప్పుడందరూ అంతే ఇచ్చేవోరు."

అందరూ అంతే అన్న ఆ ఒక్క మాట మీదే కరకపుట్టు బజారంతా కట్టి ఉంది. వినేవాళ్ళకి కూడా తేలిగ్గా ఉంటుంది. భవానికి ఆ క్షణాన తేలిగ్గానే అనిపించింది.

"సరే. రేపు పొద్దున్నే కొండెక్కి ఆవిణ్ణి అడిగి రాయించుకొస్తాను," అంది.

"కొండెక్కక్కర్లేదు."

లోపలి గదిలో ఇనప్పెట్టె తలుపు కిర్రుమంది. వరహాలరావు పొడుగు కవరొకటి పట్టుకొచ్చాడు. అందులోంచి మూడు కాగితాలు తీసి బల్ల మీద పరిచాడు. మూడూ ఖాళీవే. అంచులు టీనీళ్ళ రంగుకి తిరిగాయి. ఒక్కొక్క దాని అడుగున ఒక్కొక్క వేలిముద్ర. ఎప్పటిదో సిరా, ఎండిన వంకాయ తొక్క రంగులో ఉంది.

"సోములమ్మవి. రిజిస్ట్రీ అయిన దినమే ఐదేయించి ఉంచాను. కరెంటు మీటరుకి ఒకటి పోయింది, ఇంటి పన్నుకి ఒకటి. మూడున్నాయి. నువ్వు రాసీ. నా దస్తూరీ స్టేషన్లో అందరికీ తెలుసు."

భవాని రెండేళ్ళు విశాఖ ఆస్పత్రిలో పనిచేసింది. ఆపరేషన్‌కి ముందు రోగి చేత ఒప్పుదల తీసుకునే ఫారం ఒకటుంటుంది. ఒకసారి ఆ ఫారం నింపకుండానే, పాడేరు వైపు నుంచి వచ్చిన ఒక ముసలాయన వేలు పట్టుకుని అద్దించబోతుంటే భవాని అడ్డం పడింది. ముందు రాయండి, చదివి వినిపించండి, అప్పుడే వేలు అంది. పెద్ద డాక్టరు కసిరాడు. అయినా కదల్లేదు. ఆ సంగతి ఫోన్లో గర్వంగా చెప్పుకుంటే, ఇదే నాన్న ఇదే ఇంట్లోంచి "శభాష్ గుంటా" అన్నాడు.

"ఇది తప్పు నాన్నా."

"తప్పే. నెలాఖరుకి ఎన్నాళ్ళుంది?"

"తొమ్మిది రోజులు."

"నువ్వు కొండెక్కాలి. దాన్ని బతిమాలాలి. అది మా ఊరోళ్ళనడిగి సెప్తానంటాది. ఆళ్ళు పదిమందీ కూకోవాలి. అప్పటికి జర్మనీవోడు నిన్ను మర్చిపోయి ఇంకో గుంటని చూసుకుంటాడు. ఇందులో అబద్ధం ఏటుంది సెప్పు? నువ్వు ఈ ఇంట్లో పుట్టలేదా? పెరగలేదా? ఇల్లు దాని పేరున లేదా? అన్నీ నిజాలే కదా."

భవాని తల్లి వైపు చూసింది.

"రాయొద్దని నేననను," అంది అన్నపూర్ణ. "రాయమనీ అనను." గొళ్ళెం తీసి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

భవాని రాసింది. రాయడంలో ఇంత పనితనం ఉంటుందని ఆ రోజే తెలిసింది. మామూలుగా అయితే రాతంతా అయ్యాక వేలు వేస్తారు. ఇక్కడ వేలు ముందే వచ్చి కూర్చుంది. మాటలే దానికోసం సర్దుకోవాలి.

"పైన నాలుగు వేళ్ళ జాగా వదిలీ," అని వరహాలరావు పక్కనుంచి నేర్పాడు. "ఆఖరి లైను ఆ ముద్రకి వేలెడు పైన ఆగాలి. మరీ ఖాళీ ఉంటే అనుమానం. అంటుకుపోతే ఇంకా అనుమానం."

ముందు నోటుపుస్తకంలో రాసుకుని వరసలు లెక్కపెట్టుకుంది. పదకొండొచ్చాయి. ఒక వాక్యం పెంచింది. పన్నెండు. తరవాత అసలు కాగితం ముందుకు లాక్కుంది. "నేను" అని రాయగానే కలం ఆగింది. తన చేత్తో, తన గుండ్రటి అక్షరాలతో రాసిన ఆ నేను తను కాదు. ఎప్పుడూ సరిగా మొహం కూడా చూడని ఒక మనిషి. ఆ మనిషి నోట్లో మాట పెడుతున్నానని తెలుస్తూనే ఉంది. తెలుస్తుండగానే పన్నెండు వరసలూ పూర్తిచేసింది. వరహాలరావు కత్తెరతో మాసిన అంచులు సన్నగా కత్తిరించి, తేదీ వేయించి, వెలుతురుకి ఎత్తిచూసి మెచ్చుకున్నాడు.

శుక్రవారం తనే పట్టుకెళ్ళి తాతారావుకి ఇచ్చాడు. వచ్చాక మాత్రం అన్నం ముందు కూర్చుని కలపడం మర్చిపోయాడు.

"ఏమన్నారు?" అంది భవాని.

"బాగుందన్నాడు. రేపు సంతలో ఆవిణ్ణి ఒకసారి చూసి పంపిచ్చేస్తానన్నాడు." మంచినీళ్ళు తాగాడు. "పొద్దున్నే నువ్వు బేగి దాని దగ్గరికెళ్ళు. ఆ ఏలు నాదే అని ఒక్క ముక్క అనమను. చాలు."

"మీరే చెప్పొచ్చు కదా?"

"నన్ను చూస్తే మొహం తిప్పేసుకుంటాది."

"ఎందుకు?"

వరహాలరావు అన్నం కలపడం మొదలుపెట్టాడు.

* * *

మంచు విడేసరికి సంత నిండిపోయింది. వరహాలరావు కొట్టు ఎదురుగా, రోడ్డుకి అవతల, మైదానంలో రాజ్‌మా గుట్టలు, పసుపు కొమ్ములు, కొండచీపుర్లు వరసలు తీరాయి. ఒడిశా వైపు నుంచి వచ్చిన జీపుల మీద నుంచి ఇంకా జనం దిగుతూనే ఉన్నారు. కొట్లో కూర్చుంటే సంతలో ఎవరు ఏం బేరం చేస్తున్నారో కనిపిస్తుంది. ఆ చోటు చూసే వరహాలరావు అక్కడ కొట్టు పెట్టాడు. ఇప్పుడు ఉప్పు తూస్తూ అతను చూస్తున్నది మాత్రం కూతుర్నే.

సోములమ్మని పట్టుకోవడం కష్టం కాలేదు, అడిగితే చూపించారు. మూడో వరసలో చీపుర్లమ్మే రత్నాలు పక్కన, రాజ్‌మా గుట్ట వెనక కూర్చుని ఉంది. యాభై ఏడు, యాభై ఎనిమిదేళ్ళుంటాయి. ముక్కుకి రెండు వైపులా పుడకలు. చేతివేళ్ళకి పసుపు పట్టేసి ఉంది.

ఏమని పిలవాలో భవాని రోడ్డు దాటుతూనే ఆలోచించుకుంది. కొండ ఆడవాళ్ళనెవరినైనా నాన్న "ఒలే" అంటాడు. అమ్మ పేరు పెట్టి పిలుస్తుంది.

"అత్తా," అంది.

సోములమ్మ నిదానంగా తలెత్తింది. "షావుకారి గుంటవి గదా నువ్వు. ఇయ్యాల అత్తనైపోనానేటి?"

రత్నాలు పకపకా నవ్వింది. "అత్తన్నాదని రేటు తగ్గించీకు సోములప్పా!"

"కొనడానికి కాదు. నీతో మాట్లాడాలి."

"మాట్లాడు. మాటకి సంతలో ఆశీలు లేదు."

భవాని గొంతు సవరించుకునేలోపు కాఫీ పళ్ళు సేకరించే సంఘం నుంచి ఒకతను పెద్ద రిజిస్టరు పట్టుకుని వచ్చాడు. కిందటి వారం పళ్ళు అప్పజెప్పినట్టు రాసుకున్న పేజీ తెరిచి సోములమ్మ ముందు పెట్టాడు. సోములమ్మ చేతులు కొంగుకి తుడుచుకుంది. పెన్ను తీసుకుంది. నాలిక కొస పళ్ళ మధ్య పెట్టుకుని, ఒక్కొక్క అక్షరాన్నీ నాటినట్టు రాసింది. కొర్రా సోములమ్మ.

భవాని ఆ సంతకం వైపు ఒంగి చూసింది.

"నువ్వు సంతకం పెడతావా అత్తా?"

"పదేళ్ళ నుంచి. నా మనవరాలు సోని రెండో తరగతిలో ఉన్నప్పుడు దాంతో పాటు దిద్దినాను. అది దొంగముండ, దాని పాఠాలు నా సేత రాయించీసి ఆటకెల్లిపోయేది. దానికి రాకముందే నాకొచ్చీసింది." మొహం మీద నవ్వు పాకింది. "బ్యాంకుకాడ సంతకమే, పింఛనుకాడ సంతకమే. ఏలు ఇంక దేని మీదా ఎయ్యనని ఒట్టెట్టుకున్నాను."

"ఎందుకని?"

నవ్వు అలాగే ఉంది కానీ కళ్ళు నవ్వడం మానేశాయి. "మీ అయ్యనడుగు."

"నువ్వు చెప్పత్తా."

ఒకామె వచ్చి రాజ్‌మా అడిగింది. సోములమ్మ తూచి పోసి, ఆమె వెళ్ళాకే మాట్లాడింది.

"అప్పటికి నాకు ఇరవయ్యేడో ఎంతో. మీ కొట్లో అల్లం తూసేదాన్ని. ఇల్లు నీ పేరున రాయిత్తన్నాను సోములమ్మా అన్నాడు మీ అయ్య. నవ్వులాటకేమో అనుకున్నాను. ఆపీసులో ఏలేసినాను. మరింటికొచ్చినాక ఐదు తెల్ల కాయితాలెట్టినాడు. ఏటి రాత్తావు షావుకారూ అనడిగినాను. ఏటీ రాయనే, ఊరికే ఉంచుతాను అన్నాడు. ఏసీసినాను. మూడేళ్ళ కిందట సోని సెప్పింది, మామ్మా, తెల్ల కాయితం మీద ఏలుంటే ఆళ్ళేటి రాసుకుంటే అది నువ్వన్నట్టే, మన పోడు కూడా రాసీసుకోగలరూ అని. ఆ దినం నుంచి నాకు తిండి సయించలేదు. ఎల్లి అడిగినాను, నా కాయితాలు నాకిచ్చీ షావుకారూ అని. సెదలు తినీసింది అన్నాడు. మూడు తూర్లు అడిగినాను. మూడు తూర్లూ సెదలే."

రత్నాలు చీపురు కట్టలు సర్దడం ఆపేసి వింటోంది.

"ఇనప్పెట్టిలో పెట్టిన కాయితాన్ని సెదలు తింతాదేటి గుంటా? నువ్వు సదూకున్నావు, సెప్పు."

నాన్న అన్నం కలుపుకుంటూ దాటేసిన జవాబు ఇదీ. భవానికి రెండు దారులు కనిపించాయి. ఏమీ తెలియనట్టు తల ఊపి, ఆ వేలు నాదే అను అత్తా అని బతిమాలుకోవడం ఒకటి. సోములమ్మ చెడ్డది కాదు, అంటుందేమో కూడా. కానీ ఏ కాగితానికి అంటున్నదో తెలియకుండా అంటుంది. మళ్ళీ ఒక ఖాళీ కాగితం మీద వేలు వేయించుకోవడమే అది.

"చెదలు తినలేదత్తా," అంది. "రెండు మిగిలాయి. మూడోది నేను రాశాను."

భవాని అంతా చెప్పేసింది. పాస్‌పోర్టు, పోలీసు, తొమ్మిది రోజులు, అందులో ఇప్పుడు మిగిలినవి ఆరే. చెబుతున్నంతసేపూ సోములమ్మ రాజ్‌మా గింజల్లోంచి రాళ్ళు ఏరుతూనే ఉంది.

"నానేటి సెప్పినానట అందులో? ఒప్పజెప్పు."

"ఇప్పుడా?"

"నా మాటలే గదా. నానూ ఇనాలి."

భవానికి ఆ పన్నెండు వరసలూ కంఠతా వచ్చు. మొదలుపెట్టింది. "నేను, కొర్రా సోములమ్మ, తెలియజేయునది ఏమనగా, వరహాలరావు గారి కుమార్తె గంగాభవాని పుట్టినది మొదలు కరకపుట్టులోని నా ఇంటిలో..."

"ఆగు. ఏటన్నావు?"

"నా ఇంటిలో."

"మళ్ళీ అను."

"నా ఇంటిలో."

సోములమ్మ రోడ్డు అవతల ఉన్న మేడ వైపు చూసింది. ఎంతసేపు చూసిందో, మధ్యలో ఒక లారీ వచ్చి, ఆగి, పోయింది. "ఊఁ. ఆనక?"

"నా ఇంటిలో నివసించుచున్నది. ఆమెను చిన్నతనం నుండి ఎరుగుదును. ఆమె నడవడిక మంచిది."

"నడవడిక మంచిదని కూడా నానే సెప్పినానా?"

"...అవునత్తా. వరస తక్కువొచ్చిందని కలిపాను."

రత్నాలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. సోములమ్మ మాత్రం నవ్వలేదు.

"అత్తా, ఆయన వచ్చి అడిగితే వేలు నీదే అను. ఆ రెండు కాగితాలూ నేను తెచ్చి, నీ ఎదురుగా చింపేస్తాను."

"ఎప్పుడు?"

"ఇవాళే."

"పెట్టి తాళం నీకాడుందా?"

తాళం నాన్న మొలతాడుకి ఉంటుంది.

"మీ అయ్యదీ ఇలాటి మంచి నోరే గుంటా," అంది సోములమ్మ. తిట్టినట్టు లేదు. ఉన్న సంగతి చెప్పినట్టుంది. "నాను నీ దారికి అడ్డం రాను. దేశం ఎల్లాలనుంటే ఎల్లు. కానీ నాను అనని మాట అన్నానని మాత్రం అనను. అది నాసేత అనిపించీకు."

అంతలోనే జనం మధ్య నుంచి తాతారావు వస్తూ కనిపించాడు. లాఠీ చంకలో ఉంది. చేతిలో నీలం ఫైలు. భవానిని చూసి పలకరింపుగా నవ్వాడు.

"ఓనరు గారిని పట్టేశావే! మంచిది, నాకు వెతుక్కునే బాధ తప్పింది." ఒంగి ఫైలు తెరిచాడు. "సోములమ్మా, ఈ వేలు నీదేనా?"

సోములమ్మ కాగితం చేతిలోకి తీసుకుంది. ముప్పయ్యేళ్ళ కిందటి తన వేలిని దగ్గరగా పెట్టుకుని చూసింది. బొటనవేలితో ఆ మరకని ఒకసారి తడిమింది.

"ఏలు నాదే బాబూ."

తాతారావు జేబులోంచి పెన్ను తీశాడు. రిపోర్టు కాగితం మీద టిక్కు పెట్టబోయి, పక్కవాళ్ళ చేత సంతకాలు పెట్టించుకుంటున్న సంఘం అతని రిజిస్టరు వైపు చూశాడు. తెరిచిన పేజీలో కొర్రా సోములమ్మ సంతకం. పైకి చదివాడు. మళ్ళీ చేతిలో ఉన్న కాగితం చూశాడు.

"సంతకం వచ్చు కదా నీకు. మరి దీని మీద వేలెందుకు వేశావు?"

సోములమ్మ రాజ్‌మా గుట్ట మీద రెండు చేతులూ ఆనించి, భవాని మొహంలోకి చూసింది. అంతే.

భవానికి ఒక జవాబు తయారుగా దొరికింది. ఆవిడ చేతికి దెబ్బ తగిలింది సార్, నేనే కట్టు కట్టాను, పెన్ను పట్టుకోలేకపోయింది. నర్సు చెబితే కాదనేవాడెవడు? ఎంత చక్కగా, ఎంత తొణక్కుండా నాలిక మీదికి వచ్చి కూర్చుందంటే, బుధవారం వసారాలో "అద్దెకున్నాం" అన్న గొంతు తన గొంతులోంచి వినబడినట్టయింది. ఒక్క మాట. ఆ తరవాత పాస్‌పోర్టు, విమానం, ఇంకో దేశం. ఇనప్పెట్టెలో ఇంకా రెండు కాగితాలు. వాటి మీద ఎవరు ఏం రాసినా, అది సోములమ్మ అన్నట్టే.

"చెప్పమ్మా," అన్నాడు తాతారావు. అతని మొహంలో నవ్వు లేదు ఇప్పుడు.

"సార్, మీరు ఆ టిక్కు పెట్టకండి," అంది భవాని. "ఆ రాత నాది. బుధవారం సాయంత్రం రాశాను. ఆ వేలు నేను పుట్టకముందు వేసింది. అప్పుడు ఆ కాగితం మీద ఒక్క అక్షరం లేదు. ఆవిడకి చెప్పలేదు, చదివి వినిపించలేదు."

రత్నాలు "ఓలమ్మో" అంది సన్నగా.

తాతారావు ఫైలు మూశాడు. "ఏమంటున్నావో తెలుసా నీకు? పాస్‌పోర్టు సంగతి తరవాత. ఇది కేసవుతుంది. నీ చేత్తో రాసింది."

"తెలుసు సార్."

"ఇది ఒక్కటేనా?"

"ఇంకా రెండున్నాయి. ఖాళీవి."

"ఎక్కడ?"

భవాని వెనక్కి తిరిగి చెయ్యి చాపింది. తాతారావు, సోములమ్మ, రత్నాలు, సంఘం అతను, అందరూ ఆ చెయ్యి చూపించిన వైపు చూశారు. సంత మంచి రద్దీలో ఉంది. ఉప్పు కోసం, కిరసనాయిలు కోసం జనం కొట్టు ముందు మూగి ఉన్నారు. గల్లాపెట్టె దగ్గర వరహాలరావు లేడు. వాళ్ళు చూస్తుండగానే, పట్టపగలు, సంత బేరం మధ్యలో, కొట్టు షట్టరు లోపలి నుంచి గడగడమంటూ కిందికి దిగింది.